వానలో గోల్కొండ

ఆషాఢమాసంలో హైదరాబాదు చూడబోయేవారికి అనుభవజ్ఞులు చెప్పే సలహా ఒక్కటే: సాలార్‌జంగ్ మ్యూజియంలో హాయిగా గడపండి, కోటల జోలికి పోకండి. సలహా మంచిదే. గోల్కొండ శిఖరానికి చేరాలంటే మూడు వందల అరవైకి పైగా మెట్లు ఎక్కాలి. తడిసిన రాయి జారుతుంది. తల దాచుకునే చోట్లు తక్కువ. అయినప్పటికీ, శిక్షణ తరగతులు ముగిసి తిరుగు ప్రయాణానికి ఒక్క రోజు మాత్రమే మిగిలిన మేము ఆ రోజును గోల్కొండకే కేటాయించుకున్నాం. మాలో ఉద్యోగులం ఆరుగురం. కుటుంబాలతో, ఇద్దరు పెద్దవాళ్ళతో కలిపి పద్దెనిమిది మందిమి. తెల్లవారుజామున తుంపరగా మొదలైనది మెహదీపట్నం చేరేసరికి జల్లుగా, లంగర్ హౌజ్ దాటేసరికి నిండు వానగా మారింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాన మాకు మేలే చేసిందనిపిస్తుంది. ఎండలో ఈ కోటకు వచ్చినవారి దృష్టి రాళ్ళ మీద, గోడల మీద నిలుస్తుంది. వానలో వచ్చిన మా దృష్టి నీటి మీద నిలిచింది. గోల్కొండను కట్టినవారు శత్రువును గురించి ఎంత ఆలోచించారో, నీటిని గురించి అంతకన్న ఎక్కువ ఆలోచించారని ఆనాడు మాకు అర్థమయింది.

గొల్లకొండ కథ

చార్మినారుకు పశ్చిమాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, చుట్టూ సమతల ప్రదేశం నడుమ, దాదాపు నాలుగు వందల అడుగుల ఎత్తున నిలిచిన నల్లరాతి గుట్ట ఇది. పశువుల కాపరి ఒకడికి ఈ గుట్ట మీద దేవతా విగ్రహం దొరికిందనీ, అందువల్ల దీనికి గొల్లకొండ అనే పేరు వచ్చిందనీ జనశ్రుతి. కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టి కోట ఉండేదంటారు. పద్నాలుగవ శతాబ్ది ఉత్తరార్ధంలో ముసునూరి కాపయ నాయకుడు దీనిని బహమనీ సుల్తానులకు వదులుకోవలసి వచ్చింది. బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు, ఆ రాజ్యం తరఫున తెలంగాణను పాలిస్తున్న సుల్తాన్ కులీ 1518 ప్రాంతంలో ఇక్కడ కుతుబ్‌షాహీ వంశాన్ని నెలకొల్పాడు. మట్టి కోట రాతికోటగా మారింది. ఆ పనిలో పెద్ద పాలు 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు దక్కుతుంది.

తెలుగువారికి ఈ ఇబ్రహీం పరాయివాడు కాడు. అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. మన కవులు అతనిని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఇతనికే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో తొలి కావ్యమైన యయాతి చరిత్రను పొన్నగంటి తెలగన్న ఇతని కొలువులోని అమీన్‌ఖాన్‌కు అంకితం చేశాడు. మూసీ మీద పురానాపూల్ వంతెన, నగరం నడిబొడ్డున ఉన్న హుస్సేన్‌సాగరం ఇతని కాలానివే. కోట కట్టినవాడే వంతెన కట్టాడు, చెరువు తవ్వించాడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే కోటలో చూడబోయేది సులభంగా బోధపడుతుంది.

లోపలికి అడుగుపెట్టేటప్పుడు

బయటి ప్రాకారానికి ఎనభై ఏడు బురుజులు, ఎనిమిది దర్వాజాలు. మేము ఫతే దర్వాజా గుండా ప్రవేశించాం. తలుపుల మీద ఏనుగులు కుమ్మకుండా బిగించిన ఇనుప మేకులు వానకు తడిసి మెరుస్తున్నాయి. ఫతే అంటే విజయం. ఈ విజయం కోటవారిది కాదు, కోటను పట్టుకున్న మొగలులది. ఓడిన వాకిలికే గెలుపు పేరు మిగిలిపోవడం చరిత్రలోని వింతలలో ఒకటి.

దర్వాజా దాటగానే కోట వస్తుందని ఎదురుచూసిన పిల్లలకు బజారు కనిపించింది. ఇళ్ళు, మసీదులు, టీ కొట్లు, బడికి వెళ్ళే పిల్లలు. బయటి ప్రాకారం లోపల ఇప్పటికీ ఒక ఊరు బతుకుతున్నది. ఆ ఊరి నడుమ నుంచి సాగి, బాలాహిస్సార్ దర్వాజా ముందు దిగాం. అసలు దుర్గం ఇక్కడ మొదలవుతుంది. వాకిలికి ఎదురుగా అడ్డుగోడ ఒకటి నిలబడి ఉంది. దాని వల్ల శత్రుసేన ఒక్క ఊపున వచ్చి తలుపును ఢీకొనలేదు; ఏనుగు వెనక్కి వెళ్ళి పరుగెత్తుకు రావడానికి చోటు చాలదు. వాకిలి పైభాగాన సింహాలు, నెమళ్ళు, యాళి రూపాలు ఉన్నాయి. పారశీక కమాను కింద మన శిల్పుల చేతిపని చూసి పెద్దవాళ్ళు ముచ్చటపడ్డారు.

ఈ కోటలో పనిచేసిన వారిలో కొందరి పేర్లు రాతి మీద మిగిలాయి. 1666లో కట్టిన మూసా బురుజు శాసనంలో పని చేయించిన మూసాఖాన్ పేరుతో పాటు, కట్టిన ధర్మాచారి పేరు కూడా ఉన్నది. పని చేయించినవాడి పక్కన పని చేసినవాడి పేరు చెక్కించిన ఆ ఔదార్యం మాకు నచ్చింది.

లోపల గుమ్మటం కింద మా మార్గదర్శి నిలబడి చప్పట్లు కొట్టాడు. అరవై దాటిన మనిషి. దక్కనీ యాసలో చక్కని తెలుగు మాట్లాడతాడు. ఇక్కడ చరిచిన చప్పుడు శిఖరం మీది బారాదరిలో వినిపిస్తుందని ప్రసిద్ధి. కాని ఆ వేళ వాన హోరులో ఏదీ వినబడే స్థితి లేదు.

“ఇప్పుడు వద్దమ్మా. వాన సందు ఇచ్చినప్పుడు మీలో ఒకరు ఇక్కడ ఉండండి, మిగతావారు పైన వినండి” అన్నాడు.

గుమ్మటం నడిమధ్య నిలబడి కొడితేనే ధ్వని పైకి వెళ్తుంది; రెండడుగులు పక్కకు జరిగితే వెళ్ళదు. లోపలి వంపులు ధ్వనిని ఒక దిక్కుకు మళ్ళిస్తాయి. వాకిట్లోకి ఎవరు వచ్చారో పైవారికి తెలియజేయడానికి తీగలు, యంత్రాలు లేని కాలంలో చేసుకున్న ఏర్పాటు ఇది.

నీటి దారి

వాకిలి దాటి నగీనాబాగ్ పక్కగా నడుస్తుండగా వాన బలపడింది. అక్కడే మా యాత్ర మలుపు తిరిగింది. గుట్ట మీద పడిన నీరు ఒక్కసారిగా దిగి రాకుండా, మెట్ల పక్కన తొలిచిన కాలువల గుండా, గోడల అడుగున వదిలిన కంతల గుండా పాయలు పాయలుగా వస్తున్నది. నాలుగు వందల ఏళ్ళ నాటి దారులు. కొన్ని పూడుకుపోయాయి; కొన్ని మాత్రం నిన్న తవ్వినట్లు పనిచేస్తున్నాయి. మాలో నిర్వహణ విభాగంలో పనిచేసే మిత్రుడొకరు గొడుగు పక్కకు పెట్టి, ఒక కాలువ వెంట తడుస్తూ పైకి, కిందికి నడిచి చూశారు. ఎక్కడా నీరు గోడకు ఆనుకుని నిలవడం లేదనీ, ప్రతి చోటా వాలు గోడ నుంచి బయటికే ఉన్నదనీ ఆయన చూపిస్తే మాకూ కనిపించింది.

ఇది దిగే నీటి సంగతి. ఎక్కే నీటి సంగతి ఇంకా ఆశ్చర్యకరం. గుట్ట మీద కాపురమంటే రోజూ వేల మందికి తాగునీరు, పశువులకు నీరు, తోటలకు నీరు, స్నానాల గదులకు నీరు కావాలి. ఈ నీరు అయిదారు కిలోమీటర్ల దూరంలోని దుర్గం చెరువు నుంచి వచ్చేది. ఈనాడు తీగల వంతెనతో, ఆకాశాన్నంటే కార్యాలయ భవనాల నడుమ కనిపించే ఆ చెరువే ఒకనాడు గోల్కొండ దాహం తీర్చిన తల్లి. అక్కడి నుంచి మట్టిగొట్టాల గుండా నీరు కోట అడుగుకు చేరేది. కోటలో చేరిన నీటిని ఎద్దులు తిప్పే చక్రాలతో ఒక అంతస్తు నుంచి మరొక అంతస్తుకు తోడేవారు. మన పల్లెల్లో మోట ఒక్క ఎత్తుకే నీరు తోడుతుంది. ఇక్కడ ఒక తొట్టిలో పోసిన నీటిని ఆ పై చక్రం అందుకునేది, ఆ పై తొట్టి నుంచి మరొకటి అందుకునేది. అలా మెట్టు మెట్టుగా శిఖరం వైపు ఎక్కించి తొట్లలో నిలవచేసి, అక్కడి నుంచి గోడల్లో పొదిగిన మట్టిగొట్టాల ద్వారా అంతఃపురాలకూ, జలయంత్రాలకూ వదిలేవారు. ఎక్కించడానికి ఎద్దు బలం, దించడానికి నీటి బరువే బలం.

ఒక గోడ పెచ్చు ఊడిన చోట ఆ గొట్టం ముక్క కనిపించింది. మోచేతి లావున, ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, చుట్టూ గచ్చు దట్టించినది. పిల్లలు అందులోకి తొంగిచూశారు. మేడిపండంత మట్టి గడ్డ తప్ప లోపల ఏమీ లేదు. చక్రాలు లేవు, ఎద్దులు లేవు, తోలేవారు లేరు. రాయి నిలిచింది, పనివాళ్ళు వెళ్ళిపోయారు.

మంత్రుల కచేరీ, భక్తుని చెర

దారి పక్కన అక్కన్న మాదన్నల కచేరీలుగా చెప్పుకునే కట్టడాలున్నాయి. హనుమకొండ ప్రాంతం నుంచి వచ్చిన ఈ సోదరులు చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో అత్యున్నత పదవులకు ఎదిగారు. మాదన్న ప్రధానిగా రాజ్యభారం మోశాడు. మొగలుల ఒత్తిడి పెరిగిన రోజుల్లో, 1686లో, అంతఃపుర కుట్రకు అన్నదమ్ములిద్దరూ ఈ గోల్కొండ వీధుల్లోనే హత్యకు గురయ్యారు. కోట గోడలో కనిపించని తొలి పగులు అక్కడే పడిందని చెప్పవచ్చు.

ఇంకొంత ఎక్కితే రామదాసు చెరసాల. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునికి గుడి కట్టించినందుకు ఇక్కడ ఖైదు అనుభవించాడన్నది ప్రతి తెలుగు ఇంటా తెలిసిన కథ. ఎత్తయిన గోడలు, మసక వెలుతురు, కప్పులో కొద్దిపాటి సందు. గోడమీద రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు. ఎండ రోజున ఆ సందు నుంచి వెలుగు దిగుతుంది. ఆనాడు వాన దిగింది. సన్నని ధార రాతి నేల మీద పడుతున్న శబ్దం తప్ప మరొకటి లేదు. మాతో వచ్చిన పెద్దావిడ చెంగు తల మీదికి లాక్కుని రామదాసు కీర్తన ఒకటి నెమ్మదిగా అందుకున్నారు. అప్పటిదాకా అల్లరి చేస్తున్న పిల్లలు సైతం మాట్లాడకుండా నిలబడ్డారు. రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకు పైకం చెల్లించారన్న నమ్మకాన్ని చరిత్ర నిర్ధారించలేదు. ఆ చీకటి గదిలో నిలబడిన మాకు నిర్ధారణ అవసరమనిపించలేదు.

పైకి వెళ్ళే దారిలో అంబర్‌ఖానా వస్తుంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో, ఖైరాత్‌ఖాన్ కట్టించిన ధాన్యాగారమని శాసనం చెబుతున్నది. ముట్టడి వస్తే నెలల తరబడి తలుపులు మూసుకుని బతకడానికి ఇది ఆధారం. నీరు, గింజలు, మందుగుండు, ఎత్తయిన గోడ. ఇన్ని సమకూర్చుకున్న కోటకు ఇంకేం కావాలి?

దాని పైన ఇబ్రహీం మసీదు. దానికి చేరువలోనే రెండు పెద్ద బండల నడుమ జగదాంబికా మహంకాళి ఆలయం. ఆషాఢంలో జంటనగరాల్లో జరిగే బోనాల పండుగకు శ్రీకారం చుట్టేది ఇక్కడే. తొలి బోనం ఈ అమ్మవారిదే. గురు, ఆదివారాల్లో మెట్లన్నీ జనంతో నిండిపోతాయి. మేము వెళ్ళింది మధ్యలో వచ్చే మామూలు రోజు. మెట్ల మీద వేపరెమ్మలు, అంచుల్లో వానకు కరిగి పారుతున్న పసుపు. సుల్తానులు వచ్చారు, మొగలులు వచ్చారు, నిజాములు వచ్చారు. అమ్మవారికి బోనం మాత్రం ఏటా వస్తూనే ఉన్నది. మసీదుకూ గుడికీ నడుమ ఉన్న ఆ కొద్దిపాటి దూరంలో ఈ కోట స్వభావం తెలుస్తుంది.

బారాదరిలో చెప్పిన కథ

శిఖరం మీది బారాదరి చేరేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు కురవసాగింది. రెండు అంతస్తుల ఆ దర్బారు మంటపంలో అందరం గుమికూడాం. సంచుల్లోంచి పులిహోర పొట్లాలు బయటికి వచ్చాయి. మార్గదర్శికి కూడా ఒక పొట్లం ఇచ్చాం. ఆయన తింటూ తింటూ, వాన తెర వెనుక మసకగా కనిపిస్తున్న మైదానాన్ని చూపించి, “బాద్షా డేరాలు అటు దిక్కున ఉండేవి” అంటూ మొదలుపెట్టాడు. ఆయన చెప్పినదీ, మేము పుస్తకాల్లో చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా సేనలతో వచ్చి గోల్కొండను ముట్టడించాడు. అంత పెద్ద సైన్యం ముందు ఈ గుట్ట ఎన్నాళ్ళు నిలుస్తుందనుకున్నారు. ఎనిమిది నెలలు నిలిచింది. అగడ్తను పూడ్చడానికి మట్టి నింపే సంచుల్లో మొదటిదాన్ని చక్రవర్తి తన చేతులతో కుట్టాడని ఖాఫీఖాన్ అనే చరిత్రకారుడు రాశాడు. ఒక రాత్రి మొగలు సైనికులు చప్పుడు చేయకుండా నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోగా, ఒక కుక్క మొరిగి కావలివారిని లేపిందనీ, తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు బహూకరించాడనీ అదే చరిత్రకారుడు చెప్పిన ముచ్చట. పిల్లలు ఈ కథను రెండుసార్లు చెప్పించుకున్నారు.

తరువాత గోడల కింద సొరంగాలు తవ్వి మందుగుండు నింపారు. కోటవారు పసిగట్టి కొంత మందును తొలగించి, కొంత తడిపివేశారు. నిప్పు పెట్టినప్పుడు పేలుడు వెనక్కి తన్ని మొగలు సైనికులే నేలకూలారు. అంతలో వర్షాకాలం వచ్చింది. వాగులు, నదులు పొంగి రాకపోకలు ఆగిపోయాయి. కందకాలు బురదగుంటలయ్యాయి. డేరాలు మునిగాయి. ధాన్యం దొరకక ఆకలి, ఆకలి వెనుక రోగాలు. కోట లోపలివారికి నీరు ప్రాణం పోసింది. అదే నీరు బయటివారి ప్రాణం తీసింది.

మేము కూర్చున్న చోటి నుంచి ఆ మాట నిజమని కళ్ళకు కట్టింది. మా చుట్టూ కురుస్తున్న నీరంతా కాలువల వెంట సర్దుకుని దిగిపోతున్నది. మైదానంలో మాత్రం అదే వాన రోడ్ల మీద, పల్లాల్లో చెరువులు కట్టి నిలిచిపోయింది.

అప్పుడు ఏడవ తరగతి చదువుతున్న అమ్మాయి తన తాతగారిని అడిగింది: “తాతయ్యా, లోపల నీళ్ళున్నాయి, గింజలున్నాయి, ఫిరంగులున్నాయి. వాన కూడా వీళ్ళ పక్షమే. మరి కోట ఎందుకు పోయింది?”

తాతగారు జవాబు వెతుక్కుంటుండగా మార్గదర్శి అందుకున్నాడు. “తలుపు లోపలి నుంచి తెరుచుకుందమ్మా” అన్నాడు.

జరిగింది అదే. లంచానికి లొంగిన అబ్దుల్లాఖాన్ పనీ అనే సేనాని 1687 సెప్టెంబరు 21 తెల్లవారకముందే ఒక చిన్న వాకిలి తెరిచిపెట్టాడు. మొగలులు లోపలికి వచ్చారు. అబ్దుర్రజాక్ లారీ అనే మరొక సేనాని గుర్రమెక్కి దాదాపు ఒంటరిగా వారికి ఎదురునిలిచాడు. ఒళ్ళంతా గాయాలతో పడిపోయే వరకు పోరాడాడు. అంతకుముందు ఔరంగజేబు ఎంత ఆశ చూపినా లొంగనివాడు ఆయన. ఆ నిష్ఠను మెచ్చి చక్రవర్తే వైద్యులను పంపి బతికించాడు. తానీషా మాత్రం తనను పట్టుకోవడానికి వచ్చినవారి ఎదుట నిబ్బరంగా భోజనం ముగించి బయలుదేరాడట. దౌలతాబాదు కోటలో బందీగానే ఆయన కన్నుమూశాడు.

ఇద్దరు సేనానులు. ఇద్దరూ ఒకే రాజు ఉప్పు తిన్నవారు. ఒకరు తలుపు తెరిచారు, ఒకరు తలుపుకు అడ్డంగా నిలిచారు. ఎనభై ఏడు బురుజుల బలాబలాలను తేల్చింది ఈ ఇద్దరి మనసులే. మాదన్న వంటి మంత్రిని కాపాడుకోలేని కొలువులో నమ్మకం అప్పటికే సన్నగిల్లి ఉండాలి. పెద్ద సంస్థల్లో పనిచేసే మనబోటివారికి ఈ కథలో వేరే వివరణ అక్కరలేదు.

వాన సందు ఇచ్చింది. మాలో ఇద్దరు యువకులు చకచకా కిందికి దిగి గుమ్మటం కింద నిలబడ్డారు. అందరం ఊపిరి బిగబట్టాం. చిన్నగా, పొడిగా, స్పష్టంగా చప్పట్లు వినిపించాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు కూడా కొట్టారని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

నీరే శత్రువైతే

దిగేటప్పుడు రాణీమహలు మీదుగా వచ్చాం. ముంగిట్లోని జలయంత్రపు తొట్టి ఆనాడు వాననీటితో నిండి, ఒకనాటి వైభవాన్ని కాసేపు అరువు తెచ్చుకున్నట్లుంది. ఇక్కడే మార్గదర్శి ఇంకొక సంగతి చెప్పాడు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన కుండపోత వానలకు కోటలోని ఒక గోడ కొంత భాగం కూలిపోయింది.

ఫిరంగులకు లొంగని గోడ వానకు కూలడమేమిటని మాకు సందేహం కలిగింది. నిర్వహణ విభాగపు మిత్రుడే విడమరచి చెప్పారు. ఇటువంటి లావు గోడకు రెండు పక్కలా రాతి ముఖాలుంటాయి. నడుమ మట్టి, రాళ్ళ పూడిక ఉంటుంది. పైన గచ్చు చెదిరితే వాననీరు లోపలికి దిగుతుంది. కింది కంతలు పూడుకుపోతే ఆ నీరు బయటికి రాదు. నానిన మట్టి బరువెక్కి, ఉబ్బి, రాతి ముఖాన్ని బయటికి తోస్తుంది. సందుల్లో మొలిచిన రావి మొక్క మిగతా పని చేస్తుంది. ఇంత చేసేది ఒక్క వాన కాదు. ఏళ్ళ తరబడి ఎవరూ శుభ్రం చేయని చిన్న కంత చేస్తుంది.

పనివారు పూనుకుంటే ఏం జరుగుతుందో చూడడానికి మేము దూరం వెళ్ళనక్కరలేకపోయింది. సాయంత్రం బంజారా దర్వాజా గుండా బయటపడి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళాం. ఈ ఆవరణలో 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి జీర్ణోద్ధరణ పనులు చేపట్టింది. సిమెంటు పూతలను తొలగించి, మునుపటిలాగే సున్నపు గచ్చు వాడారు. పూడిపోయి, పాక్షికంగా కూలిపోయిన మెట్లబావులను రాయి రాయిగా పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో విశిష్ట గుర్తింపు లభించింది. మేము చూసినప్పుడు ఒక బావిలో నీరు మెట్ల దాకా వచ్చి ఉంది. చుట్టూ పడిన వాన కాలువల వెంట వచ్చి అందులోకి చేరుతున్నది. కోటలో మేము ఊహించుకున్నది ఇక్కడ కళ్ళారా చూశాం. పాత ఏర్పాటు మళ్ళీ పనిలోకి వచ్చింది.

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినారు 2010 నుంచి ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం స్వాతంత్ర్య దినోత్సవ పతాకాన్ని ఈ కోటలోనే ఎగురవేస్తున్నది. ఇంతటి గౌరవానికి తగ్గ సంరక్షణ ప్రతి గోడకూ అందాలని చూసినవారెవరైనా కోరుకుంటారు.

వెళ్ళదలచినవారికి

వానాకాలంలో వెళ్ళే మిత్రులకు నాలుగు మాటలు. జారని చెప్పులు తప్పనిసరి. గొడుగు కన్న వానకోటు మేలు. మెట్లెక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పెద్దవాళ్ళు నగీనాబాగ్, కచేరీలు చూసి అక్కడే ఆగినా నష్టం లేదు. ఉదయమే బయలుదేరితే కోట, సమాధులు ఒక్క రోజులో చూడవచ్చు. బోనాల రోజుల్లో వెళితే జాతర చూడవచ్చు, కోట చూడడం కష్టం. పాలిథిన్ సంచులు, నీళ్ళ సీసాలు అక్కడ పారవేయవద్దని ప్రత్యేకంగా మనవి. అవి చివరికి చేరేది ఏ కాలువ మూతికో, ఏ కంత నోటికో.

సమాధులకు బయలుదేరే ముందు బాలాహిస్సార్ దగ్గర మేము చూసిన దృశ్యంతో ముగిస్తాం. ప్లాస్టిక్ పట్టాలు తలమీద కప్పుకున్న ఇద్దరు కూలీలు గోడ అడుగున వంగి, సన్నని గడ్డపారతో ఒక కంతలోని ఆకులూ మట్టీ లాగివేస్తున్నారు. కాసేపటికి అడ్డు తొలగింది. గోడ లోపల ఎన్నాళ్ళుగా నిలిచి ఉన్నదో, ఎర్రని నీరు ఒక్క ఉదుటున బయటికి దూకింది. ధార తేటపడే వరకు వారు అక్కడే నిలబడి చూశారు. తరువాత గడ్డపార భుజాన వేసుకుని రెండో కంత దగ్గరికి నడిచారు.